అమ్మకు కరెంటు పెడుతున్నారు, రక్తం 8 పాయింట్లకు పడిపోయింది: ఎందుకు?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరు. మా అమ్మకు 52 ఏళ్లు. ఎనిమిది నెలలపాటు అప్పుడప్పుడు రక్తం పోతుంటే ముట్లు ఆగిపోయే వయసు కదా అనుకున్నాం. చివరికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. నాలుగు వారాలుగా కరెంటు పెడుతున్నారు, వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు. మొదట్లో 10.4 ఉన్న హిమోగ్లోబిన్ ఇప్పుడు 8.2 అయింది. సరిగా తినకపోవడం వల్లే ఇలా అయిందని బంధువులు అమ్మను కోప్పడుతున్నారు. రోజూ బీట్‌రూట్ రసం, మందుల షాపులో ఇచ్చిన ఐరన్ టానిక్ పట్టిస్తున్నా ఫలితం లేదు. నడుము నొప్పికి మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్లలు కూడా వాడుతోంది. డాక్టరుగారు ఒక బాటిల్ రక్తం ఎక్కించాలన్నారు. రక్తం పట్టేదాకా పది రోజులు కరెంటు ఆపిద్దామని అన్నయ్య అంటున్నాడు. జబ్బు ముదురుతోందా? నా రక్తం అమ్మకు ఇవ్వవచ్చా? రిపోర్టులు జతచేశాను. – పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు

సమాధానం: ముందుగా ఈ వారమే తేల్చుకోవలసిన విషయం చెబుతాను. రక్తం పట్టేదాకా అనుకుంటూ కరెంటు చికిత్సను, అంటే రేడియేషన్‌ను, మీ అంతట మీరు ఆపవద్దు. ఈ క్యాన్సర్‌కు బయటి నుంచి ఇచ్చే రేడియేషన్, ఆ తర్వాత లోపల పరికరం అమర్చి ఇచ్చే బ్రాకీథెరపీ, రెండూ కలిపి 8 వారాల్లోపు ముగించాలన్నది రేడియేషన్ నిపుణులు గట్టిగా పట్టించుకునే నియమం. అంతకుమించి సాగదీసిన కొద్దీ మిగిలి ఉన్న క్యాన్సర్ కణాలకు మళ్లీ పుంజుకునే వ్యవధి దొరుకుతుంది, చికిత్స ఫలితం తగ్గుతుంది. పైగా పది రోజులు ఇంట్లో కూర్చోబెట్టినంత మాత్రాన హిమోగ్లోబిన్ చెప్పుకోదగినంత పెరగదు. ఎముకల లోపలి మూలుగలో కొత్త ఎర్రకణం తయారై రక్తంలోకి రావడానికే దాదాపు వారం పడుతుంది, అదీ ఐరన్ వంటి ముడిసరుకు ఉంటేనే. సిస్‌ప్లాటిన్‌ను ఒక వారం వాయిదా వేయాలా అన్నది రక్తపరీక్షలు, కిడ్నీ పరీక్ష చూసి మీ డాక్టర్లు నిర్ణయిస్తారు. ఒకవేళ వారు దాన్ని వాయిదా వేసినా, కరెంటు కూడా ఆగినట్టేనని ఇంట్లో అనుకోకండి.

జబ్బు ముదురుతోందా అన్న భయం సహజమే గానీ, చికిత్స మధ్యలో హిమోగ్లోబిన్ తగ్గడాన్ని బట్టి అలా అనుకోవడానికి లేదు. క్యాన్సర్ మూలుగలోకి పాకడం వల్ల రక్తం తగ్గేది ఎక్కువగా రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తుల క్యాన్సర్లలోనూ, రక్త క్యాన్సర్లలోనూ. ముఖద్వార క్యాన్సర్‌లో అది అరుదు. అలా పాకినప్పుడు సాధారణంగా పెరిఫెరల్ స్మియర్‌లో, అంటే రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షలో, మూలుగ దాటి బయటకు రాకూడని పచ్చి కణాలు కనిపిస్తాయి. మీ అమ్మగారి స్మియర్ రిపోర్టులో అలాంటి మాట ఏదీ లేదు.

మీ ఇంట్లో అందరూ రిపోర్టులోని హిమోగ్లోబిన్ అంకె ఒక్కటే చూసినట్టున్నారు. దాని కింది వరుసలు ఇంకా ఎక్కువ చెబుతున్నాయి. ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు పరిమాణం, 71 ఉంది. మామూలుగా అది 80కి పైన ఉండాలి. ఆర్‌డీడబ్ల్యూ 19 ఉంది, అంటే కణాలన్నీ ఒకే సైజులో లేక చిన్నవీ పెద్దవీ కలగలిసి ఉన్నాయి. ఎర్రకణాల సంఖ్య 36 లక్షలకు తగ్గింది. ఈ మూడూ కలిపి చూసిన ఏ డాక్టరైనా మొదట ఐరన్ కొరతనే అనుమానిస్తారు. పుట్టుకతో వచ్చే తలసీమియా మైనర్‌లోనూ కణాలు చిన్నవిగానే ఉంటాయి, కానీ అందులో వాటి సంఖ్య సాధారణంగా ఇంతగా తగ్గదు. అసలు గమనించవలసింది ఏమిటంటే, చికిత్స మొదలుకాకముందు తీసిన సీబీపీలో, అంటే రక్తకణాల లెక్క పరీక్షలో, కూడా ఎంసీవీ 72 మాత్రమే ఉంది. కీమో మందు వల్లనే వచ్చిన రక్తహీనతలో కణాల సైజు మామూలుగానే ఉంటుంది, కొన్ని మందులతో కాస్త పెరుగుతుంది కూడా, ఇంతగా చిన్నబోదు. కాబట్టి ఈ కొరత ఆసుపత్రి మెట్లెక్కక ముందు నుంచే ఉంది, చికిత్స దాని మీద మరో దెబ్బ వేసింది.

ఆ కొరత ఎక్కడి నుంచి వచ్చిందో మీ ఉత్తరంలోనే ఉంది. ఎనిమిది నెలలు రక్తం పోయింది. 100 మిల్లీలీటర్ల రక్తం పోతే దానితోపాటు 30 నుంచి 50 మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది. మనం తిన్న తిండిలోంచి ఒంటపట్టేదేమో రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు. ఈ లెక్కన నెలల తరబడి సాగిన రక్తస్రావాన్ని ఎంత మంచి భోజనమైనా పూడ్చలేదు. దీనికి తోడు, మన దగ్గర చాలామంది స్త్రీలు జబ్బు రాకముందే ఖాళీ నిల్వలతో ఉంటారు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం ఉన్నట్టు తేలింది. పొలంలో చెప్పులు లేకుండా పనిచేసేవారిలో కొంకి పురుగులు, ఎవరికీ చెప్పుకోని మొలల రక్తస్రావం కూడా ఈ ఖాతాలో చేరతాయి. అమ్మగారికి ఈ రెండింటిలో ఏదైనా ఉందేమో మీరు నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. డాక్టరు ముందు ఆమె చెప్పకపోవచ్చు.

చికిత్స సమయంలో ఎవరికి రక్తహీనత వచ్చే అవకాశం ఎక్కువ అన్న ప్రశ్నకు యూరప్‌లో పెద్ద ఎత్తున సమాధానం వెతికారు. యూరోపియన్ క్యాన్సర్ అనీమియా సర్వే పేరుతో 24 దేశాల్లో 15 వేల మందికి పైగా రోగులను ఆరు నెలలపాటు గమనించి, ఫలితాలను 2004లో ప్రచురించారు. సర్వేలో చేరేనాటికే 39 శాతం మందికి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువగా ఉంది. ఆ ఆరు నెలల్లో ఎప్పుడో ఒకప్పుడు తగ్గినవారిని కలుపుకుంటే అది 67 శాతానికి చేరింది. మొదట్లోనే హిమోగ్లోబిన్ తక్కువగా ఉండడం, స్త్రీ కావడం, ఊపిరితిత్తుల క్యాన్సర్ లేదా స్త్రీ జననాంగాల క్యాన్సర్ ఉండడం, సిస్‌ప్లాటిన్ వంటి ప్లాటినం మందులు వాడడం – వీటిలో ఏవి ఉన్నా ముప్పు పెరుగుతుందని అందులో తేలింది. ఊపిరితిత్తుల సంగతి వదిలేస్తే మీ అమ్మగారికి ఇవన్నీ ఉన్నాయి. ఐరోపాలో బాగా తిని, బాగా వైద్యం అందుకునేవారిలోనే ఇలా ఉన్నప్పుడు, ఆవిడ కంచంలో ఎంత వదిలేసిందో లెక్కపెట్టి కోప్పడడం న్యాయం కాదు. తిండి లెక్కలోకి రాదని నేననడం లేదు. బరువు తగ్గిపోయినవారిలో, పోషకాహారం చాలనివారిలో రక్తహీనత ఎక్కువన్నది నిజమే. కానీ సిస్‌ప్లాటిన్ తెచ్చే వికారం ఎంత తీవ్రమైనదో తెలిసినవారు ఎవరూ ఆ స్థితిలో ఉన్న మనిషిని తిండి విషయంలో తిట్టరు. వాంతి మందులు చాలడం లేదని డాక్టరుకు చెప్పి వాటిని పెంచమని లేదా మార్చమని అడగడం బంధువులు చేయగల మేలు.

ఇక చికిత్స వేసిన దెబ్బ రెండు వైపుల నుంచి పడింది. పెద్దవారిలో రక్తం తయారుచేసే మూలుగలో పెద్ద భాగం తుంటి ఎముకల్లో, నడుము వెన్నెముకలో ఉంటుంది. ముఖద్వార క్యాన్సర్‌కు పెట్టే కరెంటు సరిగ్గా ఆ ప్రాంతం గుండానే వెళుతుంది. అందుకే ఇదే మందును ఇదే డోసులో మెడ క్యాన్సర్‌కు తీసుకునేవారి కంటే పొత్తికడుపు రేడియేషన్‌తో కలిపి తీసుకునేవారి మూలుగ ఎక్కువగా నలుగుతుంది. తెల్లకణాల ఆయుష్షు తక్కువ కాబట్టి అవి ముందుగా పడిపోతాయి. ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది కాబట్టి హిమోగ్లోబిన్ నెమ్మదిగా, వారం వారం జారుతూ వస్తుంది. రక్తం కూడా పోతున్నవారిలో, మీ అమ్మగారిలో లాగా, ఆ జారుడు వేగంగా ఉంటుంది.

రెండో దెబ్బ కిడ్నీల మీద. మూలుగకు ఎర్రకణాలు తయారుచేయమని చెప్పే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ కిడ్నీల్లోనే పుడుతుంది, సిస్‌ప్లాటిన్ కిడ్నీలను దెబ్బతీసే మందు. మీరు పంపిన కాగితాల్లో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మొదట 0.7 ఉండి, మొన్నటి పరీక్షలో 1.2 అయింది. రెండూ ల్యాబ్ ముద్రించిన పరిధిలోనే ఉండవచ్చు గానీ, ఒకే మనిషిలో ఇంత మార్పును తేలిగ్గా తీసుకోకూడదు. అందుకే నడుము నొప్పి బిళ్లల సంగతి చదివి నాకు ఎక్కువ ఆందోళన కలిగింది. ఊళ్లో ఇచ్చే నొప్పి బిళ్లల్లో చాలావరకు డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ వంటివే ఉంటాయి. ఇవి సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే కిడ్నీకి రెట్టింపు చేటు. పైగా కడుపులో పుండు చేసి, కంటికి కనపడకుండా రక్తం పోయేలా చేస్తాయి. ఆ బిళ్లల అట్టను దాచకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించండి, అప్పటిదాకా ఆపండి. నొప్పికి ఏది వాడవచ్చో అక్కడే రాసిస్తారు. నడుము నొప్పి కొత్తగా మొదలైతే ఆ మాట కూడా తప్పక చెప్పాలి, ఎందుకంటే ఈ జబ్బులో గడ్డ మూత్రనాళాలను నొక్కితే కిడ్నీలు ఉబ్బి నడుము నొప్పి రావచ్చు, క్రియాటినిన్ పెరగవచ్చు. కడుపు స్కానింగ్‌తో అది తెలిసిపోతుంది.

టానిక్ ఎందుకు పనిచేయలేదన్నది తరచుగా ఎదురయ్యే ప్రశ్న. క్యాన్సర్ ఉన్నప్పుడు, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఒంట్లో ఒక రకమైన వాపు స్థితి నడుస్తూ ఉంటుంది. ఆ స్థితిలో కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా విడుదల చేస్తుంది. అది పేగుల నుంచి ఐరన్ రక్తంలోకి రాకుండా అడ్డుకుంటుంది, అప్పటికే నిల్వ ఉన్న ఐరన్‌ను కూడా బయటకు వదలనివ్వదు. గోదాములో ధాన్యం ఉన్నా తాళం వేసి ఉన్నట్టు, మూలుగకు అందవలసింది అందదు. కాబట్టి మీరు ఎన్ని చెంచాల టానిక్ పట్టించినా అందులో చాలా భాగం బయటకే పోతుంది. ఈ కారణం చేతనే, ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్షను కూడా జాగ్రత్తగా చదవాలి. వాపు స్థితిలో ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి, ఆరోగ్యవంతుల్లో 30కి తగ్గితే కొరత అనుకుంటే, క్యాన్సర్ రోగుల్లో 100కి తగ్గినా కొరతగానే పరిగణిస్తారు. ఫెరిటిన్ అంతకంటే ఎక్కువగా ఉండి, రక్తంలో తిరుగుతూ వాడకానికి అందే ఐరన్‌ను చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 20 శాతం కంటే తక్కువగా ఉంటే, నిల్వ ఉన్నా వాడకానికి అందడం లేదని అర్థం. ఈ రెండు పరీక్షలూ, వీలైతే బి12, ఫోలేట్ కూడా, రక్తం ఎక్కించక ముందే తీయించమని అడగండి. ఎక్కించిన తర్వాత తీస్తే దాత రక్తంలోని ఐరన్ కలిసి లెక్క తప్పుతుంది.

కొరత ఖాయమైతే ఐరన్‌ను నరం ద్వారా ఇవ్వడమే ఈ దశలో మేలైన మార్గం. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒకసారికి 1000 మిల్లీగ్రాముల వరకు ఎక్కించవచ్చు. ఐరన్ సుక్రోజ్ అయితే విడతలుగా ఇస్తారు. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఇవ్వరు, సిస్‌ప్లాటిన్ ఎక్కించే రోజున కూడా సాధారణంగా కలపరు. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి ఇది రక్తం ఎక్కించడానికి ప్రత్యామ్నాయం కాదు. రక్తం ఈ వారానికి, ఐరన్ వచ్చే నెలలకు.

రక్తం ఎక్కించడానికి మీరు భయపడనవసరం లేదు. మామూలు రోగుల్లో హిమోగ్లోబిన్ 7కి తగ్గితేగాని ఎక్కించరు, గుండె జబ్బు ఉంటే 8 దగ్గర ఆలోచిస్తారు. ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ నడుస్తున్నప్పుడు మాత్రం చాలా కేంద్రాల్లో దాన్ని 10 దగ్గర ఉంచడానికి ప్రయత్నిస్తారు. ఆక్సిజన్ బాగా అందే గడ్డ మీద రేడియేషన్ బాగా పనిచేస్తుందన్నది దాని వెనక ఉన్న ఆలోచన. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న రోగుల్లో ఫలితాలు తక్కువగా ఉన్నాయన్నది పలుమార్లు కనిపించిన విషయమే. అయితే పెద్ద గడ్డ ఉన్నవారికే రక్తం ఎక్కువ పోతుంది, పెద్ద గడ్డ ఉన్నవారికే ఫలితమూ తక్కువ. కాబట్టి రక్తం ఎక్కించి అంకె పెంచినంత మాత్రాన ఫలితం కూడా అంతే మారుతుందని గట్టిగా చెప్పడానికి లేదు. నా అభిప్రాయంలో మీ అమ్మగారి విషయంలో ఈ చర్చ అవసరం లేదు. 8.2 దగ్గర ఉండి, ఇంకా తగ్గే దారిలో ఉండి, ఇంకా చికిత్స మిగిలి ఉన్న మనిషికి మీ డాక్టరుగారు చెప్పింది సబబైన మాట. ఒక బాటిల్‌తో సుమారు 1 గ్రాము పెరుగుతుంది, అంటే 9 దాటవచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసిన బాటిల్ 4 గంటల్లోపు పూర్తి కావాలి. మొదటి పావుగంట మీరు పక్కనే ఉండి చలి, వణుకు, నడుంలో నొప్పి, ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం ఏవి వచ్చినా వెంటనే నర్సును పిలవండి.

ఎవరైనా రక్తం పెంచే ఇంజెక్షన్ అంటూ ఎరిత్రోపొయిటిన్ ఇప్పించమని సలహా ఇవ్వవచ్చు. కిడ్నీ జబ్బులో అది వరమే గానీ, ఇక్కడ కాదు. తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకునేవారికి దీన్ని ఇస్తే జబ్బు అదుపు ఇంకా తగ్గినట్టు 2003లో వెలువడిన ఒక పరిశోధనలో తేలింది. ముఖద్వార క్యాన్సర్‌లోనే జరిగిన మరో పరిశోధనను రక్తం గడ్డకట్టే ప్రమాదం వల్ల మధ్యలోనే ఆపేశారు. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై తీవ్రమైన హెచ్చరిక ముద్రించమంది. జబ్బు పూర్తిగా నయం చేసే ఉద్దేశంతో కీమో నడుస్తున్నవారికి దీన్ని ఇవ్వకూడదు, మీ అమ్మగారికి నడుస్తున్నది అలాంటి చికిత్సే.

బీట్‌రూట్ రసం మానేయండి. ఎరుపు రంగు చూసి దానికి రక్తం పెంచుతుందన్న పేరు వచ్చింది గానీ, 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. అది మూత్రాన్ని, విరేచనాన్ని ఎర్రగా చేస్తుంది, రక్తం పోతోందో లేదో కనిపెట్టి ఉండవలసిన రోగికి అది అనవసరమైన అయోమయం. ఐరన్ టానిక్ విరేచనాన్ని నల్లగా చేస్తుంది, కడుపులో పుండు నుంచి రక్తం పోయినా నల్లగానే వస్తుంది. డాక్టరు చెప్పేదాకా దాన్నీ పక్కన పెట్టండి. తెల్లకణాలు 2,900కు తగ్గి, ఇన్‌ఫెక్షన్ ముప్పు ఉంది కాబట్టి పచ్చి రసాలు, బొప్పాయి ఆకు పసర్లు, బయటి చెరకు రసం ఏవీ వద్దు. ఉడికించిన గుడ్డు, చేప, కోడి మాంసం, బాగా ఉడికిన పప్పు ఆవిడకు సహించినంత, కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టండి. కార్జం తినే అలవాటుంటే వారానికొకసారి బాగా ఉడికించి పెట్టవచ్చు. తోటకూర, మునగాకు మంచివే గానీ పొత్తికడుపుకు కరెంటు పెడుతున్న రోజుల్లో విరేచనాలు అవుతుంటే ఆకుకూరలు తగ్గించి, చికిత్స అయ్యాక మళ్లీ మొదలుపెట్టడం మంచిది. భోజనంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఐరన్ బాగా ఒంటపడుతుంది; టీ మాత్రం భోజనానికి ముందూ వెనకా గంటకు తక్కువ కాకుండా దూరంగా ఉంచండి.

కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, ఛాతీలో నొప్పి, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోవడం, గంటకొక ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం – ఇవి వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చివరి ప్రశ్న, మీ రక్తం గురించి. గ్రూపు కలిసినా అమ్మకు నేరుగా మీ రక్తం ఎక్కించడం మంచిది కాదు. రక్తసంబంధీకుల రక్తంలోని తెల్లకణాలను రోగి శరీరం తనవేననుకుని వదిలేస్తే, అవి ఆమె అవయవాల మీదే దాడి చేసే ప్రమాదం ఉంది; అరుదైనదే గానీ ప్రాణాంతకమైనది. తప్పనిసరైతే ఆ బాటిల్‌ను ముందుగా రేడియేషన్‌తో శుద్ధి చేయాలి, ఆ సౌకర్యం అన్ని బ్లడ్ బ్యాంకుల్లో ఉండదు. బ్లడ్ బ్యాంకు నుంచి తీసుకున్న బాటిల్‌కు బదులుగా మీరు గానీ, మీ అన్నయ్య గానీ వేరే రోగుల కోసం రక్తం ఇవ్వవచ్చు, దానికి అమ్మ గ్రూపే కానవసరం లేదు. మీకు 18 ఏళ్లు నిండి, బరువు 45 కిలోలకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఆ పరీక్షలో మీకే తక్కువని తేలితే, మీ అన్నయ్యను పంపి మీరు కూడా ఒక సీబీపీ చేయించుకోండి.